జువ్వికుంట బస్సులో సారు సీటు

గురవమ్మని మా ఊళ్ళో ఒకామె, నాకు వరసకి వదినవుద్ది, ఆమె మొగుడు చెంచయ్యకి కిడ్నీలు చెడిపోయినయ్ అనుకో. వారంలో రెండు మాట్లు టౌనుకి పోయి రక్తం కడిగించుకోవాల. కడిగించుకోకపోతే మనిషి ఉబ్బిపోయి, ఊపిరాడక అల్లాడిపోయేవాడు. పెద్దాసుపత్రిలో డాక్టరు చెప్పాడంట, ఒక్క వారం తప్పినా నా పూచీ లేదమ్మా అని. ఇంకేముంది, ఈమె మొగుణ్ణి ఎట్టా బతికించుకుందీ అంటే, డాక్టరు సగం బతికించాడు, తతిమ్మా సగం మా జువ్వికుంట బస్సు బతికించింది. నవ్వబాకండే! నేను చెప్పేది పూర్తిగా ఇన్నాక నవ్వండి. నాయనా, ఆ ఫోను కాస్త దగ్గరగా పెట్టుకో, నా గొంతు ఈమధ్య బొంగురుపోతంది. బస్సుల గురించి రాసుకుంటా తిరుగుతన్నా అన్నావు గదా, అయితే మా బస్సు సంగతి రాసుకో, మిగతాయన్నీ తర్వాత.

మా బస్సు సాయంత్రం టౌన్నించి వచ్చుద్ది, రాత్రికి మా ఊళ్ళోనే ఉండిద్ది, తెల్లారగట్ట మళ్ళీ పోద్ది. నైట్‌హాల్టు బస్సంటారే, అది. అప్పట్లో డ్రైవరు ఖాదరు, కండక్టరు ఏసోబు. ఇద్దరూ బడి వరండాలో పడుకునేవాళ్ళు. వాళ్ళకి అన్నం ఊరంతా వంతులేసుకుని పెట్టేవాళ్ళం. మా ఇంటి వంతు రోజున ఖాదరు ముందే అడిగేవాడు, అక్కా ఇయ్యాల చింతచిగురు పప్పేనా అని. మా కోడలు చేసిన రోజున మాత్రం ఏమీ అడక్కుండా తిని లేచిపోయేవాడు, ఎందుకో మీరే అనుకోండి. సరే, అది గాదు నేను చెప్పేది. మా బస్సుకొక పద్ధతుంది. బస్సొచ్చి ఆగిందంటే, దిగేవాళ్ళు దిగీ దిగకముందే కిటికీలోంచి ఒక తువ్వాలు పడిద్ది. ఎవరిదీ? రేపు పొద్దున పోయేవాళ్ళది. తువ్వాలు లేకపోతే సంచి, సంచి లేకపోతే పైట చింపిన ముక్కైనా సరే. మా అత్త ఒకసారి గుమ్మడికాయ పెట్టింది సీట్లో. ఆ గుమ్మడికాయ రాత్రంతా బస్సులో పడుకుంది, ఎవరూ ముట్టుకోలా. గుడ్డ పడిందంటే మనిషి కూర్చున్నట్టే. మా ఊళ్ళో పొలంగట్టు జరిపేవాళ్ళున్నారు, కాదన్ను, పేర్లు కూడా చెబుతా కావాలంటే. వాళ్ళు కూడా బస్సులో ఇంకొకళ్ళ గుడ్డ జరపరు. చెంచయ్య గుడ్డ ఎప్పుడూ డ్రైవరు ఎనకాల మొదటి సీట్లో పడేది, కుదుపు తక్కువని. ఆయన టౌనుకి పోయే రోజున ఆ సీటు జోలికి ఎవరూ పోయేవాళ్ళు గాదు.

ఏమైందంటే, ఒక సాయంత్రం ఏసోబు బస్సు దిగాడు, మొకం వాడిపోయుంది. ఆ పూట మా ఇంట్లోనే వంతు. అన్నం కలుపుతాడేగానీ నోట్లో పెట్టుకోడు. ఏందయ్యా ఏసోబూ, పప్పులో ఉప్పు తక్కువైందా అన్నా. ఉప్పు గాదక్కా, మీ బస్సు తీసేస్తారంట అన్నాడు. ఇంతకీ సంగతేందంటే, పెద్దరోడ్డు దాటి ఇవతలకి జనం ఎక్కట్లేదని ఎవరో డిపోలో చెప్పారంట. ఇకమీదట పెద్దరోడ్డు కాడనించే బస్సు తిప్పుకుని పోవాలంట. రేపు పొద్దున ఒక పెద్దసారు జీపులో వస్తాడంట, మా ఊళ్ళో బస్సెక్కి టౌనుదాకా కూర్చుని కళ్ళారా చూస్తాడంట. ఉంచాలన్నా తియ్యాలన్నా ఆయన చేతిలోనే ఉందక్కా, అన్నాడు. అని, చెయ్యి కడుక్కుని పోయి పడుకున్నాడు. పిచ్చోడు! రేపు అందరూ ఎక్కండి అని ఒక్క మాట చెప్పుంటే ఈ కథే లేదు. రోజూ ఊపిరాడకుండా ఎక్కేవాళ్ళకి ఎక్కమని వేరే చెప్పేదేంది అనుకున్నాడంట పాపం.

నేను పోయి గురవమ్మకి చెప్పా. ఆమె గడపమీద కూలబడింది. పెద్దరోడ్డు అంటే రెండు కోసుల దూరం, మధ్యలో గుట్ట. ఆ మనిషి నడవలేడు, పోయినప్పుడల్లా ఆటో పెట్టించే తాహతు లేదు. మళ్ళీ ఏమనుకుందో ఏమో, లేచింది, పాల కేంద్రం కాడికొచ్చి అందరినీ పిలిచింది. ఏమందంటే, "ఒరే అబ్బాయిలూ, ఇన్నాళ్ళకి బస్సుగలాయన మన ఊరొస్తన్నాడు. పొద్దున్నే మన బస్సెట్టుండిద్దో మీకు తెలవదా? పాలక్యాన్లు, కోళ్ళు, మిరపకాయ బస్తాలు. ఆ ఘాటుకి ఆయన తుమ్మి తుమ్మి దిగిపోతే ఇంక బస్సుంచుతాడా? చుట్టమొస్తే ఉన్న ఒక్క మంచం ఆయనకేసి మనం కింద పడుకోమా? రేపొక్క పూట బస్సు ఆయనకి వదిలేద్దాం. కాళ్ళు చాపుకుని హాయిగా పోనీండి. మనం నడిచి పెద్దరోడ్డుకి పోయి వేరే బస్సెక్కుదాం." ఎవరో అడిగారు, మరి చెంచయ్య మామో, రేపు ఆయన ఆసుపత్రికి పోయే రోజు గదా అని. ఆమె ఏమందో ఇను. "జామకాయల తోపుడుబండి అడుగుతా. బొంత పరిచి పడుకోబెట్టి తోసుకుపోతా. ఇన్నాళ్ళు ఆయన్ని మోసిన బస్సు కోసం ఒక్క పూట నేను మొయ్యలేనా?" అంది. ఇంక ఆ మాటకి ఎవరు ఎదురు చెబుతారు! ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు కాదన్లా. అంత తెలివైన ఊరు మాది.

అప్పటికప్పుడు బిందెలు తెచ్చారు, బస్సు కడిగారు. ఏసోబూ ఖాదరూ బడి వరండాలో ఒళ్ళెరక్కుండా నిద్రపోతన్నారు, వాళ్ళకిదేం తెలవదు. లోపలా బయటా కడిగారు. కిటికీలకి మామిడాకులు కట్టారు. మొదటి సీట్లో ఉతికిన దుప్పటి పరిచారు, సాంబ్రాణి పొగేశారు. ఇక గుడ్డలు తియ్యాల గదా, ఎవరి గుడ్డ వాళ్ళే తీసుకుపోయారు. చెంచయ్య తువ్వాలు గురవమ్మే తీసింది. తీసి మడత పెట్టి చంకలో పెట్టుకుని, బస్సుకి దణ్ణం పెట్టుకుంది. నేను చూశా. మొక్కుబడికి పెట్టే దణ్ణం గాదది.

తర్వాత జరిగింది ఏసోబు చెప్పిందే నేను చెబుతన్నా. తెల్లారేసరికి జీపొచ్చింది. సారు దిగాడు. కళ్ళజోడు, ఇస్త్రీ చొక్కా, సన్నగా ఉన్నాడంట మనిషి. జీపుని టౌన్లో ఉండమని పంపేసి బస్సెక్కాడు. చూస్తే బస్సులో పురుగు లేదు. సాంబ్రాణి వాసన తప్ప ఏమీ లేదు. ఖాదరు హారన్ కొడతాడూ, కొడతాడూ, ఊరంతా దద్దరిల్లేట్టు కొడతాడు, ఒక్కరు రారు. వస్తే గదా, ఇళ్ళల్లో ఉంటే గదా! సారు మొదటి సీట్లో దుప్పటిమీద కూర్చుని, "రోజూ ఇంతేనా?" అన్నాడంట. లేదు సార్, రోజూ నిలబట్టానికి కూడా చోటుండదు సార్ అని గొణిగాడంట ఏసోబు. సారు ఖాళీ సీట్లన్నీ ఒకసారి చూసి, "సరే, పోనీండి" అన్నాడంట. ఆ పోనీండి అన్న మాట బస్సుని కాదు, ఊరిని అన్నట్టుందక్కా, అని ఏసోబు తర్వాత నాకు చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

బస్సు గుట్ట మలుపు తిరిగింది. తిరిగేసరికి, చూడండి ఇప్పుడు, దారి పొడుగునా మనుషులు! నెత్తిన బుట్టలోళ్ళు, సైకిలుకి పాలక్యాన్లు కట్టుకుని నడిపించుకుపోయేవాళ్ళు, పుస్తకాలోళ్ళు, చంకలో కోడిని పెట్టుకున్న మా అత్త, నేను కూడా ఉన్నా, నా కాలికి అప్పటికే బొబ్బెక్కింది. బస్సు శబ్దం ఇని అందరం దారి పక్కకి జరిగి నిలబడ్డాం. సారు పోతన్నాడు గదా, మర్యాద! కొంతమంది దణ్ణాలు కూడా పెట్టారు. మాకు కాస్త ముందర తోపుడుబండి. గురవమ్మ, ఇంకో ఇద్దరు తోస్తన్నారు ఎగువకి. బండి మీద బొంతలో చెంచయ్య. సారు ఆపమనే లోపలే ఖాదరు బ్రేకేశాడంట.

సారు దిగాడు. నేను దగ్గరే ఉన్నా, ఇది నా చెవుల్తో ఇన్నది. "ఎవరమ్మా ఈయన?" అన్నాడు. మా ఆయనండీ, రక్తం కడిగించుకోను టౌనుకి పోతన్నాం అంది. "బస్సుంది గదమ్మా, ఈయన్ని పెట్టుకుని బండి తోస్తారేంది?" అన్నాడు. గురవమ్మ ఆయాసపడతానే నవ్వింది. "తమరొస్తన్నారని చెప్పారయ్యా. మేమెక్కితే ఇరుకైపోద్దని అందరం ముందే బయల్దేరాం. సుఖంగా కూర్చున్నారా అయ్యా? దుప్పటి పరిచే ఉందా?" అంది. అంతే. బస్సు తియ్యబాకండని అడగలా. చెమట కారిపోతంది, కొంగుతో తుడుచుకోవాలని కూడా తెలవలా ఆమెకి. దుప్పటి పరిచే ఉందా అని అడిగి, జవాబు కోసం ఆయన మొకంలోకి చూస్తా నిలబడింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. ఎనక్కి తిరిగి మమ్మల్నందరినీ చూశాడు. "వీళ్ళందరూ ఈ బస్సువాళ్ళేనా?" అన్నాడు. ఏసోబుకి అప్పుడొచ్చింది నోరు, "అందరూ సార్! ఇంకా కొంతమంది అప్పుడే పెద్దరోడ్డుకి చేరుంటారు సార్!" అని ఒక్క అరుపు అరిచాడు.

ఇంక చూడు, ఆ సారే బండి మీదికి వంగి చెంచయ్యని భుజాల కింద పట్టుకున్నాడు. ఖాదరు కాళ్ళు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మొదటి సీట్లో, ఆయన కూర్చున్న దుప్పటిమీదే కూర్చోబెట్టారు. చెంచయ్య తల కిటికీ ఊచకి కొట్టుకుంటా ఉంటే, సారు జేబులోంచి చేతిగుడ్డ తీసి నాలుగు మడతలేసి ఊచకీ తలకీ మధ్యన పెట్టాడు. మేమందరం ఎక్కాం. ఎక్కామంటే మా ఎక్కుడు తెలుసు గదా. సారుకి సీటు లేకుండా పోయింది. ఎవరన్నా లేస్తామంటే ఒప్పుకోలా, కడ్డీ పట్టుకుని టౌనుదాకా నిలబడే వచ్చాడు. ఎవరో పాలక్యాను పట్టుకోండి సార్ అని చేతికిచ్చారు, పట్టుకున్నాడు. మా అత్త కోడి ఆయన బూటుని పొడిచింది. మిరపకాయ బస్తా పక్కనే పడిందేమో, గురవమ్మ చెప్పినట్టే తుమ్మీ తుమ్మీ కళ్ళెంట నీళ్ళు. ఆ నీళ్ళు ఒక్క మిరపకాయలవి గాదులే.

వారం తిరక్కముందే ఏసోబు ఎగురుకుంటా వచ్చాడు, అక్కా బస్సు ఉంచారు అని. డిపోలో అందరూ కూర్చున్న చోట సారు ఏమన్నాడంటే, "ఆ రూట్లో జనం లేరన్నారు. నాకు సీటు దొరకలేదు" అన్నాడంట. ఇంకొక్క మాట మాట్లాళ్ళేదంట. ఆ రాత్రి ఊళ్ళో ఏసోబుకీ ఖాదరుకీ ఒక్క ఇంట్లో గాదు, ప్రతి ఇంట్లో అన్నం పెట్టారు. పాపం ఖాదరు మర్నాడు మజ్జిగ తప్ప ఏమీ తాగలా.

అయితే ఆ చేతిగుడ్డ ఉంది గదా, సారు మర్చిపోయి దిగిపోయాడు. సాయంత్రం తిరుగొచ్చేటప్పుడు చెంచయ్య చూశాడు. ఇప్పుడేం చెయ్యాల? గుడ్డ పడ్డాక ఆ సీటెవరిది? సారుది. సారొచ్చి తీస్తే తప్ప ఇంకెవరూ తియ్యటానికి లేదు. ఊళ్ళో పెద్ద చర్చ జరిగింది. ఒకళ్ళు ఖాళీగా ఉంచాలంటారు, ఒకళ్ళు మరి చెంచయ్యెక్కడ కూర్చోవాలంటారు. గురవమ్మే తేల్చింది. "ఆయన తన సీటు ఎవరికిచ్చాడు? ఆసుపత్రికి పోయే మనిషికిచ్చాడు. అట్టాంటివాళ్ళు కూర్చుంటారు, ఇంకెవరూ కూర్చోరు" అంది. అప్పట్నించి ఇప్పటిదాకా అంతే. జబ్బుమనిషో, నెలలు నిండిన పిల్లో కూర్చోవాల. లేకపోతే ఖాళీగా పోద్దిగానీ ఎవరూ కూర్చోరు. ఆ గుడ్డని గురవమ్మ ఉతికి, ఆరేసి, మళ్ళీ ఊచకి కట్టేది. కొత్తగా వచ్చిన కండక్టర్లకి మొదటి రోజే చెప్పేవాళ్ళం, టికెట్టు సంగతి తర్వాత, ముందు ఈ గుడ్డ సంగతి ఇను అని.

చెంచయ్య ఆ సీట్లో శానా ఏళ్ళు పోయొచ్చాడు. మనవరాలి పెళ్ళి చూశాడు, ముని మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. ఆ తర్వాతే పోయాడు, ఇంట్లోనే, నిద్రలో. ఆయన పోయిన తర్వాత ఏడాదికో ఎప్పుడో, పెద్దరోడ్డు కాడ ఒక ముసలాయన మా బస్సెక్కాడు. చేతికర్ర, చేతిసంచి. సాయంత్రం బస్సు కదా, కిటకిటలాడతంది. ఆయన కడ్డీ పట్టుకుని నిలబడి ఊరికే అటూ ఇటూ చూస్తన్నాడు. గురవమ్మ రెండో వరసలో కూర్చోనుంది. ఆమెకి చూపు సగం పోయింది అప్పటికే, అయినా ఆ మనిషి కళ్ళజోడు తీసి తుడుచుకోడం చూసింది. ఒకసారి తుడిచి పెట్టుకుని మళ్ళీ తియ్యడం చూసింది. చూసి, లేచి ఆయన చెయ్యి పట్టుకుంది. "నిలబడ్డారేందయ్యా? మీ గుడ్డ వేసే ఉంది గదా!" అంది. ఆయనకి అర్థంగాలా. ఊచకి కట్టిన గుడ్డ చూపించింది. ఉతికీ ఉతికీ దోమతెర మాదిరైపోయింది అది. "మీ సీట్లో కూర్చునే మా ఆయన ఇన్నేళ్ళు బతికాడయ్యా. ఇంక మీరు కూర్చోండి" అంది. ఆ పెద్దాయన కూర్చున్నాడు. కూర్చుని, కర్ర ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతుల్తో మొకం మూసుకున్నాడు.

ఆ రాత్రి ఆయన గురవమ్మ ఇంట్లోనే తిన్నాడు. పొద్దున పోయేటప్పుడు పాత గుడ్డ మీద కొత్తదొకటి కట్టి పోయాడు. నువ్వు వచ్చిన బస్సులో చూశావు గదా, నీలం గళ్ళది, అదే. నువ్వా సీట్లో కూర్చోబోయావంట గదా, మా మనవడు చెప్పాడు. లేపారా? లేపుతారు మరి. నాకేమో రెండు మోకాళ్ళూ అరిగిపోయినయ్, మెట్టెక్కాలంటే దేవుడు కనపడతన్నాడు. అయినా సరే ఎప్పుడెక్కినా నన్నడుగుతారు, ఆసుపత్రికా అవ్వా, సంతకా అని. సంతకే పోతన్నా అని చెప్పి నిలబడతా. ఆ గుడ్డ ముందర అబద్ధం చెప్పబుద్ధి గాదు నాయనా.