ఎడ్లబండి చక్రం

నాంపల్లి స్టేషన్ పక్క సందులో రాజనర్సు టైర్ల దుకాణం. ముప్పై ఏళ్లలో ఏ గిరాకీకీ తప్పు టైరు అంటగట్టలేదని ఆయనకు కొంచెం గొప్ప. ఆ గొప్ప ఈ పూట ఏమైందో వినండి. ఆయనింకా ఫోనులోనే ఉన్నాడు, జీపు దిగి ప్రసన్నకుమార్ వచ్చి నిలబడ్డాడు.

“...ఆఁ, తిన్న బిడ్డా. ఔ రాణీ, బీపీ గోలి గూడ ఏసుకున్న. కోపమా? నాకెందుకు కోపం, మంచిగనే ఉన్న. నువ్వు నీ ఆఫీసు పని చూస్కో. గిరాకి వచ్చిండు, పెడుతున్న... చెప్పున్రి సార్.”

“టైర్లు మార్చాలండీ. బాగా వెడల్పైనవి కావాలి. అబిడ్స్ సిగ్నల్ దగ్గర ఆగితే జనం తిరిగి చూడాలి.”

“చూపియ్యనికా, నడపనికా?”

“రెండిటికీ.”

“రెండు కుదరయి సార్. యాడ నడుపుతరు?”

“ఆదివారం జీపుల పోటీ ఉందండీ, శంకర్‌పల్లి అవతల. నల్లరేగడి బురద దాటాలి.”

“ఎంత లోతు? కింద ఏముంది?”

“మోకాలి లోతు. కింద మొరం, గట్టిగానే ఉందట.”

“అయితే వెడల్పు మాట మర్చిపోండ్రి. ఇసుకల ఒంటె కాలు, బురదల ఎడ్లబండి చక్రం. వెడల్పుది బురద మీద తేలుతది, జారుతది. సన్నది కోస్కుంట దిగి మొరాన్ని పట్టుకుంటది. మా ఊర్ల ఎడ్లబండి చక్రం ఎంతుండె? నాలుగు వేళ్లంత. వానకాలం ఏనాడన్న ఆగెనా?”

“కానీ మావాళ్లందరూ రెండొందల ఎనభై అయిదు మిల్లీమీటర్ల వెడల్పువి...”

“వాళ్ల రిమ్ము వేరు. మీది ఏడు ఇంచుల వెడల్పుది. దానికి రెండొందల ముప్పై అయిదు సక్కగ కూసుంటది. ఎనభై అయిదు ఎక్కిస్తే పక్కలు ఉబ్బుతయి. స్టీరింగు మొత్తం తిప్పితే మడ్‌గార్డుకు రాస్తది.”

“రిమ్ములు కూడా వెడల్పువి వేస్తే?”

“చక్రాలు బయటికి పొడుచుకొస్తయి, బేరింగుల మీద బరువు పడ్తది. గంత షోకెందుకు సార్? గెలిస్తే ఏమిస్తరు?”

“కప్పు.”

“కప్పు కోసమా గింత ఫికరు?”

“కప్పు కోసం... కాదులెండి.”

“మరి?”

“ఒకమ్మాయి ఉందండీ.”

“గట్ల చెప్పు తమ్మీ!”

“బురద దాటితే ఆ సాయంత్రమే ఇంట్లో మా పెళ్లి మాట చెప్తానంది. దిగబడితే ఇంకో ఏడాది ఆగమంది. బండి దిగబడినవాణ్ని వాళ్ల నాన్న గడప తొక్కనివ్వడట.”

“మంచిగన్నడు! నేనన్నా గదే అంట. అల్లుణ్ని చేసుకునే ముంగట బండి తోలుడు చూడాలె. పెద్దమనిషి ఏం జేస్తడు?”

“ఏదో... బిజినెస్.”

“ఏం బిజినెస్?”

“చిన్నదే. ఆయన సంగతి వదిలేయండి. అమ్మాయి మాత్రం పదిహేను నిమిషాల్లో టైరు విప్పి స్టెప్నీ బిగించేస్తుందండీ. ఒక్కతే! చిన్నప్పుడు వాళ్ల నాన్న దగ్గర నేర్చుకుందట.”

“...యాడ పని జేస్తది?”

“బషీర్‌బాగ్‌లో. ఇన్సూరెన్స్ ఆఫీసు.”

“పేరు?”

“రాణి.”

“ఖళ్... ఖళ్...”

“ఏవండీ?”

“ఏం లేదు. దగ్గొచ్చింది. జర నీళ్లు తాగనియ్యి... మీరు యాడోళ్లు?”

“పుట్టింది అబిడ్స్‌లోనే. తాతగారిది తెనాలి.”

“తెనాలి. పులుసుల బెల్లమేస్తరా?”

“వేస్తామండీ.”

“అయ్యో నా తండ్రీ.”

“ఇంతకీ, సన్నవి బిగించేస్తారా?”

“సన్నవా? సన్నవెందుకు! రెండొందల ఎనభై అయిదు తీస్కో.”

“ఇందాక తేలుతుందన్నారు?”

“తేలితే మంచిదే గద, మునగకుంట.”

“పక్కలు ఉబ్బుతాయన్నారు?”

“ఉబ్బనీ. పుష్టిగ కనవడతది.”

“మడ్‌గార్డుకు రాస్తుందన్నారు?”

“రాస్తే రాయనీ! సప్పుడు లేంది జీపెట్లయితది?”

“మరి ఎడ్లబండి చక్రం?”

“ఎడ్లు పోయినయి, బండ్లు పోయినయి. దాని ముచ్చట ఇప్పుడెందుకు?”

“మీరెందుకండీ ఇంత కంగారు పడుతున్నారు?”

“కంగారు గాదా? ఒక్కతే బిడ్డ... అంటే, ఆ పిల్ల తండ్రి సంగతి చెప్తున్న. గోలి ఏసుకున్నవా నాయినా అని అడిగేటోళ్లు ఇంకెవరుంటరు ఆయనకు? ఆగమైతడు తమ్మీ. భయమైతది.”

“ఇల్లు కోఠిలోనే చూసుకున్నామండీ. ఆయనకు పది నిమిషాల దూరం. రోజూ పొద్దున తనే వచ్చి అడుగుతుంది.”

“రోజూనా?”

“రోజూ.”

“...ఏదైతేంది. వెడల్పువే దించుతున్న.”

“వద్దండీ. మీ మూడ్ ఎట్లా ఉందో కనుక్కోవడానికే రాణి ఇందాక ఫోన్ చేసింది. నన్నిక్కడికి పంపిందీ తనే. ‘మా నాయిన ముప్పై ఏండ్లల్ల గిరాకికి ఒక్క అబద్ధం చెప్పలే. నా పేరు విన్నంక చెప్తే, అది నా మీద పాణం అనుకో. టైర్లు మాత్రం మొదలు చెప్పినయే ఏపిచ్చుకో’ అంది. సన్నవే బిగించండి, మావయ్యగారూ.”