ఈకల గాలం

సౌదీలో యాన్బు దగ్గరి సముద్రపొడ్డు. చలికాలం, శుక్రవారం పొద్దున. పైపుల గ్యాంగు లక్ష్మణ్, అతని ఊరివాడే బుచ్చన్న ఇసుకలో కూర్చున్నారు. వాళ్ల సూపర్‌వైజర్ స్టాన్లీ మోకాలిలోతు నీళ్లలో నిలబడి గాలం విసురుతున్నాడు.

“సారు బూట్లేవిరా లక్ష్మణ్?”

“క్యాంపుల మర్శిపోయిన కాకా.”

“మర్శిపోతివా? ప్రతి శుక్రారం ఆయన సామాను సర్దేది నువ్వేనాయె! గా పల్సటి రబ్బరు చెప్పులతోని దిగిండు!”

“దిగనీ. ఎర లేదు, ఏం లేదు, ఉత్త ఈకలు గట్టిన గాలం. గదో సోకు. సూడు, దారమెట్ల తిప్పుతుండో, గొర్ల కాడ శెర్నకోల తిప్పినట్టు.”

“అటు దిక్కు రాళ్లున్నయ్.”

“నేనే చెప్పిన. చలికాలం పెద్ద చేపలు రాళ్ల కాడికే వస్తయ్ సార్, అటే పోండ్రి అన్న.”

“ఓరి నీ... ఆడ రాయిచేప ఉంటది కదరా! రాయి లెక్కనే పండుకుంటది. మన క్యాంపు ఖాన్ సాబు దాని ముల్లు తొక్కి నెలదినాలు దవాఖానల పడలేదా?”

“అందుకే చెప్పిన.”

“వద్దు బిడ్డా. పిలువు. ఎనుకకు పిలువు.”

“పిలువ. మా అవ్వను మూడు దినాలు ఐసు పెట్టెల పెట్టిన్రు, కొడుకొస్తడని. ఒక్కణ్నే కొడుకును! దాయాది పాలోడు తలకొరివి పెడుతుంటే నేను ఫోన్ల చూసిన. ఈయన ఒక్క సంతకం పెడితే పోదును. పెట్టలే. పైంగ మర్నాడు నవ్వుకుంట, ఏం లక్ష్మణ్, బాగున్నావా అన్నడు. బాగున్ననా!”

“అయిపాయె గదరా...”

“నీకయిపాయె. నా కడుపుల మంట సల్లారలే.”

“గాలి గుడ పెరిగింది, నా గొంతు ఆడిదాక పోదు. జర పిలువురా.”

“నువ్వే పిలువు, నోరు లేదా? డ్యూటీల ఉన్ననని ఇంటికి పోయే చుట్టీ కాగితం నీ చేతులనే పెడితి. సారు చూడనే లేదు, ముఖం మీద కొట్టిండంటివి. నేనే పోయి అడుగుతా అంటే, వద్దురా, ఉన్న కొలువు ఊడుతదంటివి.”

“అంటి... అంటి గని...”

“ఇంకో పదడుగులు. రాళ్లల్లకు వోతుండు సూడు.”

“లక్ష్మణ్, ఆయనకు తెల్వదురా!”

“ఏం తెల్వదు?”

“మీ అవ్వ సచ్చిపోయిందనే తెల్వదు. నీ కాగితం నేనియ్యలే.”

“ఏందీ?”

“మన గ్యాంగుల ఒకడు పోతే, వాడొచ్చేదాక ఇంకొకన్ని తోలరు గదా. అప్పుడే నా బిడ్డ లగ్గముండె. నువ్వు పోతే నా చుట్టీ ఆగుతుండె. నీ కాగితం నా పెట్టెల దాసిన. తప్పయింది బిడ్డా, నీ కాళ్లు మొక్కుత, ఆయన్ను పిలువు!”

“పెట్టెల దాసినవా!”

“లక్ష్మణ్!”

“సార్! ఓ సార్! ఆడనే ఆగుండ్రి! రాళ్ల దిక్కు పోకుండ్రి, ఎనుకకు రాండ్రి!... ఆఁ, చేపలా? మా బుచ్చన్న కాకా రాళ్లల్లకు దిగి మీ దిక్కు తోలుతడు సార్!... లే కాకా. చెప్పులిడువు.”