మల్లన్న తట్టు జోస్యం

మనామాలోని ఉమ్మ్ అల్ హస్సామ్ పేటలో ఆ చాయ్ కొట్టు ముందు హారన్ కొడితే చాయ్ కారు దగ్గరికే వస్తుంది. శుక్రవారం సాయంత్రం జస్వంత్ కారు అక్కడే ఆగింది. పక్క సీట్లో భార్య సహస్ర, ఆమె ఒళ్ళో పాప. పాప పుట్టువెంట్రుకలు తీయించడానికి వేములవాడ పోవాలని టికెట్లు కొన్నారు. ఈలోగా ఊళ్ళవైపు తట్టు, అదే మీజిల్స్, వస్తోందని ఎవరో అన్నారు. పాపకు టీకా పడింది గానీ జస్వంత్‌కు ధైర్యం పడలేదు. డబ్బు పోకుండా టికెట్లు రద్దు చేసుకోవాలంటే ఆ రోజే ఆఖరు. అందుకని మా ఆఫీసు మల్లికార్జున్‌ను సలహాకు పిలిచాడు. వెంట నేనూ పోయాను, చాయ్ కోసం కాదు, మల్లన్న కోసం.

మల్లన్న బానెట్‌కు ఆనుకున్నాడు.

"తమ్మీ, గొప్పలు చెప్పుకునుడు నాకు రాదు. మన ఆఫీసుల జోస్యాల బజారని యాప్ పెట్టిండ్రు గదా. పైసల్లేవు, ఉత్త పాయింట్లే. 'మల్లన్న మండలంల వచ్చే నెల తట్టు కేసులు యాభై దాటుతయా' అనడుగుతది. దాటుతయనుకుంటే 'అవును' కొనాలె, లేకుంటే 'కాదు'. ఎక్కువ మంది ఏది కొంటే దాని ధర పెరుగుతది, ఆ ధరే జోస్యం. అందరు గ్రాఫులు ముంగటేసుకుని కూసుంటే నేనేం జేసిన్నో తెలుసా? మా మేనత్త దుర్గవ్వకు ఫోన్ కొట్టిన."

"ఆమె డాక్టరా?" అన్నాను.

"డాక్టర్లు ఆమె ఎనుక నిలవడాలె. మా ఊళ్ళె పిల్లలకు తట్టు పోస్తే గుమ్మానికి వేపకొమ్మ కడుతరు. దుర్గవ్వ పాలకు పోయొస్తూ కొమ్మలు లెక్కవెడతది. సర్కారు లెక్క నెలాఖరుకొస్తది, నా లెక్క చాయ్ చల్లారకముందే వస్తది. మొదటి నెల మూడని చెప్పిన. మూడే అయినయ్."

"మూడేనా అన్నా?" అన్నాడు జస్వంత్, కొంచెం తేరుకుని.

"ఆగు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మనామా బంగారం దుకాణాల సేట్లు బోర్డు మీద బంగారం ధర తుడిచి తట్టు ధర రాసుకున్నరు. సఖీర్ల కార్ల రేసు నడుస్తుంటే ఒక డ్రైవరు నన్ను జూసి కారాపి, అద్దం దించి, 'భాయ్, ఈ వారం ఎన్ని?' అన్నడు."

"రేసు కార్లకు అద్దాలుండవన్నా" అన్నాను.

"అందుకే దించుడు కష్టమైంది పాపం. జెనీవాల దునియా రోగాలు లెక్కవెట్టే పెద్ద పెద్ద డాక్టర్లు, నేను అంకె చెప్తేగాని అన్నానికి లేస్తలేరు. ఆఖరికి ఆ తట్టే నా కలలకొచ్చి, చేతులు కట్టుకుని, 'మల్లన్నా, ఈ నెల ఎన్ని ఇండ్లకు పోమంటవ్' అన్నది. జాలిపడి నాలుగిచ్చిన."

"మా ఇంటిపక్కకు రాకుండ చూడరాదే" అన్నాను.

"నీ ఎగతాళి పక్కకు పెట్టు. మొన్న ఆదివారం పొద్దుగాల ఫోన్ జేసి, 'ఎన్ని గుమ్మాలకు కొమ్మలున్నయత్తా' అనడిగిన. 'ఒక్క గుమ్మం ఖాళీ లేదురా, నాకు పనున్నది' అని పెట్టేసింది. పక్కూరు అడిగించిన. ఆడా అంతే. ఉన్న పాయింట్లన్నీ 'అవును' మీద పెట్టిన. ఆఫీసంతా నా ఎనుకే కొన్నది, ధర ఆకాశంల ఉన్నది. టికెట్లు ఖలాస్ జెయ్ తమ్మీ. పాపకంటే ఎక్కువనా?"

జస్వంత్ మొహం తెల్లబడింది. ఫోన్ తీసి టికెట్ రద్దు చేసే దగ్గరికి వచ్చేశాడు.

"ఒక్క నిమిషం" అంది సహస్ర. "మల్లన్నా, వేపకొమ్మలొక్కటేనా, మామిడాకులు కూడా ఉన్నయా?"

"బాగడిగినవ్ చెల్లె. తర్వాత ఫోటో పంపింది. మామిడాకులు కూడా ఉన్నయ్. అంటే రోగం ముదిరిందన్నట్టు."

"వాకిట్ల ముగ్గులు?"

"పెద్ద పెద్దయి. భయంతోటి ఏసిండ్రు."

"మొన్న ఆదివారమే ఉగాది అన్నా."

మల్లన్న చాయ్ కప్పు నోటిదాకా పోయి ఆగింది. ఇక్కడ సెలవు ఇవ్వని పండుగ, మరి.

"ఉగాదికి తట్టు రాదా ఏంది" అన్నాడు చివరికి, తనకే వినబడనంత మెల్లగా.

జస్వంత్ ఫోన్ సహస్ర చేతికిచ్చేసి, ఇంకో చాయ్‌కి హారన్ కొట్టాడు. మల్లన్న అటు తిరిగి తన ఫోన్ తీశాడు.

"ఏం జేస్తున్నవన్నా?" అన్నాను.

"మీ వదినకు మెసేజ్" అన్నాడు. వేలు మాత్రం 'అవును' అమ్మే చోట గబగబా కొట్టుకుంటోంది. "అయ్యో, ధర అప్పుడే పడ్డది. ఎవడో ముందుగాలనే అమ్ముకున్నడు."

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. సహస్ర మామిడాకుల మాటెత్తగానే నా 'అవును'లన్నీ అమ్మేశాను.