నటేశన్ చేతి తూకం

"నాకా? ఎస్‌ఎంపీఎస్ గురించి నాకా చెప్తావుండావు జననీ?"

ముత్తియాల్‌పేటలో అంగమ్మాళ్ టీ అంగడి ముందు బెంచీ మీద కూర్చున్న నటేశన్, సగం తాగిన గ్లాసు పక్కన పెట్టి మరీ లేచాడు. పక్క వాకిలే అతని కంప్యూటర్ల అంగడి. కాలేజీలో చదివే జననికి ఆటల కంప్యూటర్ జోడించి ఇచ్చింది అతనే. ఆటలో తుపాకీ పేలినప్పుడల్లా అది ఠక్కున ఆరిపోతోందని, లోపలి సామాన్లకు కరెంటు పంచే ఇనప పెట్టెను, అదే ఎస్‌ఎంపీఎస్‌ను, మార్చమని ఆమె అడగడం ఇది నాలుగోసారి. ఎల్లుండి ఆదివారం కాలాపేట యూనివర్సిటీలో పోటీ. వచ్చే జట్లన్నిటిలో ఆడపిల్లల జట్టు వీళ్లదొక్కటే, అయిదుగురు. ఎవరి కంప్యూటర్ వాళ్లే మోసుకెళ్లాలి. మధ్యలో ఎవరిది ఆరినా ఆటలో వాళ్లు చచ్చినట్టే లెక్క.

"పెట్టెది తప్పు కాదు, మీ ఇంటి కరెంటు సరిలేదు" అని అంతకు కాస్త ముందే నటేశన్ నాలుగోసారీ అన్నాడు. వాదించి లాభం లేదని జననికి అర్థమైంది. "పోనీలే అన్నా, నీకు పెట్టెల సంగతి అంతగా తెలీదేమో" అంది మెల్లగా.

అంతే.

"విను. శ్యామ్‌సుందర్ మామా, మీరూ వినండి, లైన్‌మన్ పని చేసేవాళ్లు గదా, మీకైతే అర్థమవుతాది. రెండేండ్ల ముందు నాకోసమని ఒక ఆటల కంప్యూటర్ జోడించుకున్నా. అందరూ ఏం చేస్తారు? ఉన్న దుడ్డంతా గ్రాఫిక్స్ కార్డుకు పోసి, క్యాబినెట్‌తో, అదే పై డబ్బాతో, ఊరికే వచ్చే పెట్టెను అట్లే ఉంచేస్తారు. వెయ్యిమంది పెండ్లికి ఒక్క వంటోణ్ణి పెట్టినట్టు! నేను అట్ల చేసేవాణ్ణా? చెన్నైకి పోయినా, కంప్యూటర్ సామాన్లమ్మే రిచీ వీధికి. అంగడంగడీ ఎక్కి ఒక్కో పెట్టెనూ ఇట్ల అరచేతిలో పెట్టుకుని తూచినా. మా పనిలో అదే పరీక్ష. లోపల రాగి చుట్లుండాల, వేడిని లాగే అల్యూమినియం పలకలుండాల, అవుంటే బరువుంటాది. పైన నాలుగు నూర్ల యాభై వాట్లని ఎవడైనా అచ్చేస్తాడు, బరువును అచ్చేయగలడా?"

"అది మాత్రం నిజమే" అన్నాడు బెంచీ చివరనున్న శ్యామ్‌సుందర్.

ఆ ఒక్క మాట చాలు నటేశన్‌కి.

"నూట పన్నెండు పెట్టెలు తూచినా మామా. అన్నీ అప్పడాలు! నూటపదమూడోది ఎత్తితే భుజం పట్టేసింది. ఇదే నాది అనుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బస్సెక్కితే ఈసీఆర్ మీద, అదే సముద్రం పక్క రోడ్డు మీద, బస్సు ఒక పక్కకే ఒరిగి పోతావుండాది, కండక్టర్ వచ్చి దానికి రెండు టికెట్లు కొట్టినాడు, మరక్కాణం దగ్గర టైరు పేలింది, జనమంతా లేచి అవతలి పక్క సీట్లలోకి మారినాకే బండి కదిలింది."

"అంత బరువును ఒక్కడివే ఎట్ల ఎత్తుకొస్తివి తంబీ?" అంగమ్మాళ్ టీ తిరగబోస్తూ అడిగింది.

"ఎత్తలేదక్కా, దించినా. ఎత్తేది వేరే, దించేది వేరే. ఇంటికొచ్చి బిగించినా, ఆట పెట్టినా. మూడు రోజులు ఆపకుండా ఆడినా. వేడి లేదు, మోత లేదు. నాలుగోనాడు మధ్యాహ్నం వాన. వానంటే వానా! మా వీధి స్తంభం మీదనే పిడుగు. పక్కింటి టీవీ పోయింది, ఎదురింటి ఫ్రిజ్జు పోయింది, వెనకింట్లో మిక్సీ స్విచ్చి వేయకుండానే చట్నీ రుబ్బేసింది. ఆ పిడుగు తీగలో జారి నేరుగా నా పెట్టెలోకి దూరింది. ఏమైందో తెలుసా? పెట్టె ఒక్కసారి తేన్చింది. అంతే! తెర మీద బొమ్మ వణకలా. మంచి పెట్టె లక్షణం అది పాపా. ఎక్కువొస్తే తాను మింగాల, తక్కువైతే తాను సర్దాల, లోపలోళ్లకు కష్టం తెలియకూడదు."

"ఊఁ, తర్వాత?" జనని చెంపకు చెయ్యి ఆనించుకుని, బడిపిల్లలా వింటోంది.

"ఊరంతా కరెంటు పోయింది. నా ఆట ఆగలా. పిడుగు లోపలే ఉండాది గదా! ఒక చేత్తో ఆడతా ఆడతా, ఇంకో చేత్తో ఒక తీగ లాగి కిటికీలోంచి స్తంభానికి తగిలించినా. ముత్తియాల్‌పేట వెలిగిపోయింది. ఉప్పళం వాళ్లు మాత్రం ఏం పాపం చేసినారని వాళ్లకూ ఇచ్చినా. ఇంకా మిగిలింది. లైట్‌హౌస్‌కి పంపినా. ఆ వెలుతురుకు కాలాపేట జాలర్లు తెల్లారిందనుకుని సాయంత్రమే పడవలు తోసినారు, సముద్రంలో చేపలు నిద్ర లేచి ఒళ్లు విరుచుకున్నాయంట! ఇంటింటి మీటరూ వెనక్కి తిరిగింది. పదకొండు రోజులు, ఊరికంతా నేనే కరెంటాఫీసు!"

"ఆ పదకొండు రోజులూ నేనేం చేస్తా ఉంటిని రా?" అన్నాడు శ్యామ్‌సుందర్.

"నిద్రపోతా ఉంటిరి మామా. పని లేదు గదా."

"మరి మా ఇంట్లో గ్రైండరు తిరగలేదే?" అంగమ్మాళ్ వదల్లేదు.

"మీ వీధి స్విచ్చి మీద నా చొక్కా తగిలించి ఉంటి అక్కా, కనబడలా."

బెంచీ అంతా నవ్వింది. జనని మాత్రం నవ్వలేదు. "అన్నా, నువ్వు ఆ రోజు తేలిక పెట్టె బిగించుకుని ఉంటే?"

"ఛీ! దాని మాట ఎత్తొద్దు. ఆటలో ఊరికే నడిచేటప్పుడు బాగానే ఉంటాది. తుపాకీ పేలిందనుకో, గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా ఆకలో అని అరుస్తాది, పెట్టె చేతులెత్తేస్తాది, కంప్యూటర్ ఠక్! ఏదో ఒకనాడు తాను పోతా పోతా మదర్‌బోర్డును కూడా తోడు తీసుకుపోతాది."

జనని సంచిలోంచి కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి తీసి, గాల్లో ఆడుతున్న అతని అరచేతిలో పెట్టింది. "ఇట్లాంటిదా అన్నా?"

ఏది పడినా తూచకుండా ఉండలేని చెయ్యి అది. రెండుసార్లు ఎగరేసింది. నోరు వెంటనే అందుకుంది.

"థూ! ఇది ఎస్‌ఎంపీఎస్సా, ఖాళీ బిస్కత్తు డబ్బానా? దీన్ని ఆటల కంప్యూటర్‌లో బిగించినోడెవడు? వాడి చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చినోడెవడు? అట్లాంటోడు మన ముత్తియాల్‌పేటలో అంగడే పెట్టకూడదు! నేనైతే అడక్కముందే మార్చి, తప్పయిందని చెప్పి పంపుతా!"

"మామా, కాగితం విప్పండి" అంది జనని. "పొద్దున నేనే నా కంప్యూటర్‌లోంచి ఊడదీసి తెచ్చినా."

శ్యామ్‌సుందర్ పొట్లం విప్పి, కళ్లద్దాలు సవరించుకుని, పెట్టె మీది స్టిక్కరు అందరికీ వినబడేలా చదివాడు. "నటేశన్ కంప్యూటర్స్, ముత్తియాల్‌పేట. బిగించిన తేదీ, పోయిన నెల పద్నాలుగు. కింద సంతకం... కె. నటేశన్."

అంగమ్మాళ్ నవ్విన నవ్వుకు చేతిలో టీ ఒలికింది. నటేశన్ స్టిక్కరును చూశాడు, వీధిని చూశాడు.

"నాలుగుసార్లు నేను చెప్తే ఒప్పుకోలా" అంది జనని. "ఇప్పుడు నా పక్షాన నువ్వే వాదించినావు, నాకంటే బాగా. నాకు ఊరు వెలిగించే పెట్టె వద్దన్నా. ఆదివారం మేం అయిదుగురం కూర్చున్నప్పుడు ఆరిపోనిది ఒకటి ఇయ్యి. మధ్యలో ఆరితే, కంప్యూటర్ చెడిందని అక్కడ ఎవరూ అనరు. ఆడపిల్లలకు చేతకాలేదంటారు."

నటేశన్ తల గోక్కున్నాడు. "రేపు పొద్దున మీ ఇంటికొచ్చి బిగిస్తాలే."

"క్యాబినెట్ నా స్కూటర్ మీదనే ఉంది. ఇప్పుడే."

నటేశన్ అంగడిలోకి వెళ్లి, పై అరలోంచి వేరే పెట్టె దించుకొచ్చాడు. జనని రెండు చేతులతో అందుకుంది, మణికట్లు కిందికి దిగాయి, తల ఊపింది. నాలుగు స్క్రూలు, లావు తీగలు, అన్నీ సరిగ్గా బిగించాడు. ఆట పెట్టి చూశారు. పది తుపాకులు ఒక్కసారిగా పేలినా తెర ఆరలేదు. బెంచీ మీద వాళ్లంతా అంగడి వాకిట్లోకి వచ్చి మరీ చూశారు.

నటేశన్ మూత వేసి, చేతులు తుడుచుకుని, బల్లమీదున్న స్టిక్కర్ల చుట్టను ఎవరూ చూడకుండా సొరుగులోకి తోయబోయాడు.

"అంటించన్నా" అంది జనని. "దీని మీద నీ పేరుండాల్సిందే."