నురగ కింద కౌన్సిలరు

సెలూన్లో కుర్చీ ఎక్కినవాడు ఎంత మొనగాడైనా సగం మనిషే. నోరు తెరిస్తే నురగ లోపలికి పోతుంది, మెడ తిప్పితే కత్తి దిగుతుంది. మెడకి గుడ్డ చుట్టాక చెప్పింది వినడం తప్ప అతనికింక వేరే పని ఉండదు. ఈ సంగతి కత్తెరకి ఎన్నో ఏళ్ళుగా తెలుసు గానీ, దాని విలువ ఆ రోజే తెలిసొచ్చింది.

కత్తెర అంటే ఆ సెలూను ఓనరు. బోర్డు మీద రంగు పోయిన కత్తెర బొమ్మ ఒకటుంది, అందుకని వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. ఆయనకి ఉన్న బెంగల్లా ఒక్కటే. గుమ్మం ముందు మురిక్కాలవ మీద పరిచిన బండ విరిగి, మనిషి కాలు దిగేంత కంత పడింది. నున్నగా గడ్డం గీయించుకుని వెళ్ళినవాడు రెండడుగులు వేసేసరికి మోకాలి దాకా నల్లటి బురద. ముసలివాళ్ళు రావడం మానేశారు, తల్లులు పిల్లల్ని పంపడం మానేశారు. పక్క వీధిలో కొత్తగా సెలూను పెట్టినవాడికి తల గోక్కునే తీరిక లేదు. ఈ వానాకాలం కూడా ఇలాగే పోతే షట్టరు దించేసుకోవాల్సిందే. కౌన్సిలరు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు పాపం. ఎప్పుడెళ్ళినా సారు మీటింగులో ఉన్నారు.

అంతటి సారు ఆ పొద్దున తనంతట తనే వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. టీవీ వాళ్ళు రమ్మన్నారట, ఎప్పుడూ గడ్డం చేసే అతను ఊళ్ళో లేడట. కారుని సరిగ్గా మెట్టుకి ఆనించి ఆపించాడు కాబట్టి కంత ఆయన కంట పడలేదు. డ్రైవరు నీడ వెతుక్కుంటూ కారుని వీధి చివరికి తీసుకుపోయాడు. ఆ డ్రైవరు ‘కౌన్సిలరుగారు’ అని చెప్పబట్టి గానీ, లేకపోతే కత్తెర కూడా పోల్చుకునేవాడు కాదు. సెలూను గోడ మీద ఆయన ఎన్నికల పోస్టర్లో ఉన్న మనిషికి ఒత్తయిన జుట్టు, ఇంతేసి మీసం. ఈయనకి రెండూ లేవు.

కత్తెర మనసులో లెక్క వేసుకున్నాడు. గడ్డం అయిపోయి, చల్లటి గుడ్డతో మొహం తుడిచాక ఎంత కోపిష్టి అయినా కాసేపు మెత్తబడతాడు. అప్పుడు చేతులు కట్టుకుని బండ సంగతి చెప్పాలి. అలా అనుకుని కళ్ళ దాకా నురగ పట్టించి, కత్తి ఇలా ఎత్తాడో లేదో, మైకు బాబాయి కంత మీదుగా ఒక్క గెంతు గెంతి లోపలికొచ్చాడు. వెనకాలే మెళ్ళో టేపుతో పక్క షాపు దర్జీ.

బాబాయి ఒకప్పుడు మీటింగులకి మైకులు అద్దెకిచ్చేవాడు. మైకులు అమ్మేసి చాలా కాలమైంది, గొంతు మాత్రం అమ్మలేదు. బెంచీ మీద కూచుని పేపరు విప్పి, "రెండు దేశాల మధ్య చర్చలు విఫలమట. కావూ మరి? మైకు పెట్టినవాడెవడో ముందు కనుక్కోండి" అన్నాడు.

"నువ్వు పెట్టుంటే ఫలించేవా బాబాయీ?" అన్నాడు దర్జీ.

"నా గురించి నేను చెప్పుకోవడం నాకు అలవాటు లేదు" అని బాబాయి మొదలుపెట్టాడు. "అప్పట్లో ఒక చిన్న మీటింగు. చిన్నదే, అబద్ధం ఎందుకు. నాయకుడు నోరు తెరిచాడు, మైకు నోరు మూసింది. నేను వెళ్ళి చొక్కాకున్న పిన్నీసు తీసి తీగకి గుచ్చాను. పలికింది. అంతే."

"ఇందులో గొప్పేముంది?"

"గొప్పని నేనన్నానా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? పలకడమైతే పలికింది, ఆపేవాడేడీ? చీకటి పడుతోంది, జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు తూలుతున్నారు, ఆయన ఇంకా వాళ్ళ తాతగారి చిన్నతనంలోనే ఉన్నాడు. నేనేం చేశానంటే, సౌండు బిళ్ళని చీమ నడిచినట్టు వెనక్కి తిప్పుకుంటూ వచ్చాను. పాపం ఆయన తన గొంతే పోతోందనుకుని కంగారుపడి కూచున్నాడు. చూడూ, అప్పుడు మోగాయి చప్పట్లు. మర్నాడు తెల్లారేసరికి మా ఇంటి ముందు రెండు పార్టీలూ వరస కట్టాయి. ఈ పార్టీ వాళ్ళు తమది పెంచి వాళ్ళది తగ్గించమంటారు, ఆ పార్టీ వాళ్ళూ అదే మాట."

"మరి ఏం చేశావు?"

"ఇద్దరిదీ తగ్గించా. దేశమంతా తిరిగి తగ్గించా. ఎవరి మాటా ఎవరికీ వినపడకపోయేసరికి జనం ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు. ఆ ఏడు ధరలు ఎలా దిగాయో, పంటలు ఎలా పండాయో మీకు గుర్తుండదులే, చిన్నవాళ్ళు."

"నేను నీకంటే పెద్దవాణ్ణి" అన్నాడు దర్జీ.

కత్తెర అద్దంలోంచి బాబాయికేసి కళ్ళెగరేసి, కుర్చీలో మనిషిని చూపించాడు. బాబాయి దాన్ని ‘ఊఁ, తర్వాత?’ అనుకుని ఇంకా ఉత్సాహపడిపోయాడు.

"అంతెందుకయ్యా, మన కౌన్సిలరు ఉన్నాడే, వాడికి నోరు ఎవరిచ్చారనుకున్నారు? మొదటి మీటింగులో మైకు తలకిందులుగా పట్టుకున్నాడు. కాళ్ళు గడగడ. నేనే వెనకనించి నడుం పట్టుకుని నిలబెట్టా. ‘బాబాయీ, ఏం మాట్లాడను?’ అని ఏడుపు. ‘చూస్తాం, చేస్తాం, ఈ రెండు మాటలు పట్టుకో నాయనా, జీవితాంతం సరిపోతాయి’ అన్నాను. ఇప్పటికీ మూడో మాట నేర్చుకోలేదు వాడు."

గుడ్డ కింద కౌన్సిలరు కాలు కుర్చీని టప్పున తన్నింది. బండ పోయింది, షాపూ పోయింది అనుకున్నాడు కత్తెర. కౌన్సిలరు లేవబోయాడు. నోటికి ఉన్న అలవాటు కొద్దీ కత్తెర, "కదలకండి సార్, కత్తి గొంతు దగ్గరుంది" అన్నాడు.

కౌన్సిలరు కదల్లేదు.

అప్పుడు వెలిగింది కత్తెరకి. ఇన్నాళ్ళూ తను ఎక్కని మెట్టు లేదు, ఈ మనిషి చెవిన ఒక్క మాట పడలేదు. ఇవాళ ఆ చెవులు రెండూ తన చేతి కిందే ఉన్నాయి, ఎక్కడికీ పోలేవు. అప్పటికే తమలపాకులా నున్నబడిన చెంప మీద మళ్ళీ బ్రష్షు తిప్పి నురగ పట్టించడం మొదలుపెట్టాడు.

"యుద్ధం సంగతి చెప్పు బాబాయీ" అన్నాడు దర్జీ.

"ఆఁ, యుద్ధం. రెండు దేశాలు కొట్టుకు చస్తున్నాయి. నా కోసం విమానం పంపారు. నేనెక్కనన్నాను, తీగలు చుట్టి పెట్టుకోడానికి అందులో చోటు చాలదు. ఓడ పంపారు. వెళ్ళి చూస్తే ఇటో నాయకుడు, అటో నాయకుడు, మధ్యలో బల్ల. ఎవడి కూత వాడిదే. నేను బల్ల కిందికి దూరి ఇటు తీగ అటు, అటు తీగ ఇటు కలిపేశాను. ఏమైందో తెలుసా? ఈయన తిడితే ఆయన స్పీకర్లో వినపడుతుంది, ఆయన తిడితే ఈయన స్పీకర్లో. నన్ను నేనే ఎందుకిలా తిట్టుకుంటున్నానని ఇద్దరికీ సిగ్గేసింది. లేచి కావిలించుకుని ఒకటే ఏడుపు. జనం కొట్టిన చప్పట్లు నా స్పీకర్లలోంచి ఎంత గట్టిగా వెళ్ళాయంటే, ఇంకా భూమి చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. ఏడాదికోసారి మా డాబా మీంచి పోతాయి. మా ఆవిడ ఉరుమనుకుని బట్టలు తీసేస్తుంది."

దర్జీ కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు.

కత్తెర రెండో చెంపకి కూడా నురగ పట్టిస్తూ, "అంత యుద్ధం ఆపినవాడివి, నా గుమ్మం ముందు బండ వేయించలేకపోయావా బాబాయీ?" అని అడిగాడు. తమాషాకి అడిగినట్టే అడిగాడు గానీ కళ్ళు కుర్చీలో మనిషి మీదే ఉన్నాయి.

బాబాయి పేపరు మడిచాడు. "యుద్ధమంటే తేలిక అబ్బాయీ. దేశాలు ఎక్కడున్నాయో మ్యాపు చూస్తే తెలుస్తుంది. కౌన్సిలరు ఎక్కడుంటాడో ఏ మ్యాపులో ఉంది? నా దగ్గర ఆ రెండు మాటలు నేర్చుకుపోయినవాడు మళ్ళీ ఈ వీధి మొహం చూస్తేగా."

"మా అక్క చెయ్యి విరిగింది ఆ కంతలో పడే" అన్నాడు దర్జీ. ఈసారి నవ్వలేదు. "కట్టు విప్పారు గానీ సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. నా షాపులో గుండీల కాజాలన్నీ అదే కుట్టేది."

కత్తెర కత్తి మడిచి పక్కన పెట్టాడు. చల్లటి గుడ్డ తీసుకుని నురగంతా నెమ్మదిగా తుడిచి, కుర్చీని బెంచీ వైపు తిప్పాడు. కౌన్సిలరు మొహం ఎర్రగా ఉంది. అది కత్తి వల్ల మాత్రం కాదు.

"ఏమండీ, ఆ కౌన్సిలరు మీకు అంత బాగా తెలుసా?" అన్నాడు బాబాయితో.

"తెలుసా అంటావేంటి బాబూ? నా భుజాల మీద పెరిగాడు. చీకట్లో దగ్గినా పోల్చుకుంటా."

"అయితే నేనెవరో చెప్పండి."

బాబాయి కళ్ళజోడు సర్దుకుని ఎగాదిగా చూశాడు. గోడ మీది పోస్టరు పక్కనే ఉంది. దాన్నీ చూశాడు, మళ్ళీ మనిషినీ చూశాడు. చివరికి ఎంతో మర్యాదగా, "ఈ వీధిలో మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదే బాబూ. కొత్తగా అద్దెకొచ్చారా?" అన్నాడు.

దర్జీ టేపు నోట్లో కుక్కుకున్నాడు. కోతలు కోసినవాడి పరువు పోవాల్సిన చోట తన పరువు పోయిందని కౌన్సిలరుకి తెలిసినట్టుంది. చాలాసేపు పోస్టరు కేసి చూసి, "ఆ బండ ఎక్కడ?" అని మాత్రం అడిగాడు. కత్తెర చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్ళి చూపించాడు. ఆయన వంగి కంతలోకి చూశాడు. ‘చూస్తాం’ అనలేదు, ‘చేస్తాం’ అనలేదు. కారు దాకా నడిచే వెళ్ళాడు.

మర్నాటికి కొత్త బండ పడింది. బాబాయి దాని మీద కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, దారిన పోయేవాళ్ళని ఆపి మరీ చెబుతున్నాడు. "గొంతు మీద కత్తి పెట్టి వేయించాను. నా కాళ్ళ మీద పడ్డాడనుకో. ఇంకో రెండు బండలు ఎక్కువ వేస్తానంటే నేనే వద్దన్నా."

కత్తెర అడ్డు చెప్పలేదు. కుర్చీలో గిరాకీ ఉంది, బెంచీ మీద ఇద్దరున్నారు, ఆయనకి తీరిక లేదు. దర్జీ మాత్రం వాళ్ళ అక్క చెయ్యి పట్టుకుని బండ దాటిస్తూ ఆగాడు.

"ఇంతకీ బాబాయీ, ఆయన మళ్ళీ కనపడితే ఈసారైనా పోల్చుకుంటావా?"

బాబాయి బండ మీద పక్కకి జరిగి దారిచ్చాడు.

"నురగ పూసి కూచోబెడితే పోలుస్తా" అన్నాడు.