మొదలు చుట్టూ బెత్తెడు

చలికాలం వెళ్లి ఎండలు ఇంకా ముదరని రోజులు. ఊరవతల తోట బంగళా ముందు గులాబీ మడిలో తోటమ్మ గొంతుక్కూర్చుని ఉంది. యజమాని అల్లుడు గట్టు మీద నిలబడ్డాడు. డ్రైవరు బండిలోంచి చెక్కపేళ్ల బస్తాలు దించుతున్నాడు.

“పార పెట్టొద్దని చెప్పానా లేదా తోటమ్మా?”

“చెప్పారు అల్లుడుబాబూ. అందుకే చేత్తో లాగుతున్నాను.”

“అసలు లాగొద్దనే నా ఉద్దేశం.”

“ఉద్దేశం చెప్పలేదుగా. పార అన్నారు.”

“వెటకారమా?”

“పనండీ. వెటకారానికి చేతులు ఖాళీ ఉండాలి.”

“పోయిన శనివారం ఒక్కో మొక్క చుట్టూ చెక్కపేళ్లు మళ్లీ అంత ముచ్చటగా గుమ్మటంలా పోయిస్తే, దాన్ని లాగి పళ్లెంలా చేస్తున్నావే! రేపు ఫొటోల వాళ్లు వస్తున్నారు. మడి బాగుంటేనే తోట అద్దెకు తీసుకుంటామన్నారు. తెలుసా నీకు?”

“గుమ్మటాలు కాదు బాబూ, సమాధులు. ఇరవై మూడింటికి కట్టించారు. మిగిలినవి ముప్పై ఏడు. వాటికి నేను కట్టనివ్వను.”

“మళ్లీ అదే పాట!”

“పాట కాదు, ఇటు రండి. వంగండి. ఫ్యాంటు మాసిపోదులెండి. ఇది అంటు కట్టిన చోటు. కనపడుతోందా?”

“తెల్లగా ఏదో ఉంది.”

“బూజు. మీ గుమ్మటం కింద తడి ఆరక పట్టింది. వేలు పెట్టి చూడండి.”

“వద్దు.”

“పెట్టండి, కరవదు.”

“ఛీ! మెత్తగా ఉంది.”

“ఇంకో వారం ఆగితే పట్టుకుని లాగక్కర్లేదు, దానంతటదే చేతిలోకి వచ్చేస్తుంది. ఆ ఇరవై మూడూ అలాగే వచ్చాయి. పైన పటారం, లోన లొటారం.”

“చూడూ, మల్చింగ్, అదే ఈ కప్పడం, ఎంత మందంగా వేస్తే అంత మంచిదని వీడియోలో ఆయన స్పష్టంగా చెప్పాడు.”

“చెప్పినాయన మడి చూపించాడా, మొహం చూపించాడా?”

“...మొహమే.”

“అదీ!”

“ఏమిటదీ? వెయ్యాలా వద్దా నువ్వే చెప్పు. నిరుడు నువ్వే గడ్డి కప్పావు, ఆకులు కప్పావు. ఇప్పుడు నేను డబ్బు పెట్టి చెక్కపేళ్లు తెప్పిస్తే తప్పొచ్చిందా?”

“కప్పొద్దని నేనన్నానా? కప్పకపోతే రాబోయే ఎండలకి నేల పెనంలా కాలిపోతుంది. కప్పాలి. పేళ్లయినా సరే, గడ్డయినా సరే. నాలుగు వేళ్ల మందం చాలు. మొదలు చుట్టూ మాత్రం బెత్తెడు ఖాళీ వదలాలి. మనం దుప్పటి కప్పుకుంటాం. ముక్కూ నోరూ మూసి కప్పుకుంటామా?”

“సార్, ఈ పది బస్తాలు ఎక్కడ పొయ్యమంటారు?”

“మొక్కల మొదట్లోనే పొయ్యి డ్రైవరూ.”

“మొదట్లో వద్దు నాయనా, నడవలో పెట్టు. నేను పరుచుకుంటాను.”

“నేను మొదట్లో అంటున్నానా!”

“ఇద్దరూ ఒక మాట మీదికి రండి సార్. అందాకా నడుం వాల్చుకుంటాను. అయినా, తోటమ్మ సంగతి మీకు...”

“డ్రైవరూ, నువ్వు బస్తాలు చూసుకో.”

“సర్లే తోటమ్మా. నాకెందుకు.”

“ఏమిటి సంగతి?”

“ఏం లేదు సార్. బస్తా చిరిగింది.”

“నిన్న మధ్యాహ్నం ఫోన్ చేస్తే కూడా నువ్వు తోటలో లేవు. ఎక్కడికెళ్లావు?”

“పనుంది.”

“మొన్నా అంతే.”

“మొన్నా వేరే చోట పనుంది. పొద్దున్న ఆరింటికొచ్చి పన్నెండు దాకా ఇక్కడే ఉంటున్నాను. మొక్కలకి ఆ వేళే కావాలి. మధ్యాహ్నం వాటికి నాతో పనిలేదు.”

“వేళలు కూడా నువ్వే పెట్టుకుంటున్నావన్నమాట!”

“మీరు వారానికోసారి శనివారం వస్తారు. మొక్కలకి శనివారమని తెలీదుగా.”

“నోరు ఎక్కువైంది నీకు. మొన్నటిదాకా ఇలా ఉండేదానివి కాదు.”

“అదే నేను చేసిన తప్పు.”

“ఏది?”

“మా అమ్మాయి పురుడని మూడు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. వచ్చేసరికి అరవై మొక్కలకీ మోకాలెత్తు పోయించారు. తీసేస్తానని అడిగానా?”

“అడిగావు.”

“మీరేమన్నారు?”

“ముట్టుకోవద్దన్నాను. అప్పుడు చాలా బాగుంది.”

“నేను ముట్టుకోలేదు. పైన మంచు, కింద తడి. నెల రోజులు రోజూ చూస్తూ, ముట్టుకోకుండా ఊరుకున్నాను. మీ మాట విన్నాను. ఆకులు పసుపురంగుకి తిరుగుతుంటే కూడా విన్నాను. అరవైలో ఇరవై మూడు పోయాయి. నాకు ముప్పై ఏళ్ల పని తెలుసు బాబూ. తెలిసి ఊరుకోవడమంత చేతకానితనం ఇంకోటి లేదు.”

“అయిపోయినదాన్ని తవ్వకు.”

“తవ్వట్లేదు, అడుగుతున్నాను. మొక్కలు పోయాయని పెద్దయ్యగారికి మీరేగా చెప్పింది? ఏమని చెప్పారు?”

“ఉన్నదే చెప్పాను.”

“ఉన్నదంటే?”

“మొక్కలు కుళ్లాయని.”

“ఎవరివల్లనని అడగలేదా ఆయన?”

“అడిగారు... అడిగారనుకో.”

“మీరేమన్నారు?”

“ఇప్పుడదంతా ఎందుకు?”

“నా వల్లనన్నారు.”

“తోట చూసేది నువ్వు కదా! ఎవరివల్లనని చెప్పమంటావు? కొత్తగా బాధ్యత తీసుకున్నాను, మొదటి నెలలోనే ఇరవై మూడు గులాబీలు నేనే చంపానని మామగారి ముందు చేతులు కట్టుకుని నిలబడమంటావా?”

“నిలబడమనే అంటాను.”

“అంటావు, అంటావు. నీకేం పోయింది? ఒక మాట పడ్డావు, అంతేగా! పెద్దవాళ్లు అంటే పడాలి.”

“ఒక మాటేనా?”

“మరి?”

“ఏం లేదు. ఈ కొమ్మ పట్టుకోండి, ముల్లు చూసుకుని. కింద లాగుతాను.”

“నేనెందుకు పట్టుకుంటాను? లే. లేచి, లాగినదంతా మళ్లీ ఎగదోసెయ్. ఫొటోలయ్యాక నీ ఇష్టం. ఒక్క రోజు! ఒక్క రోజులో ఏం మునిగిపోతుంది?”

“పోయినసారి కూడా ఫొటోల దాకా అన్నారు. ఆ ఫొటోలు నెలయినా తియ్యలేదు.”

“ఎగదొయ్యమన్నానా!”

“తొయ్యను.”

“ఏమన్నావ్?”

“తొయ్యనన్నాను. డ్రైవరుకి కూడా వినపడింది.”

“నాకేం వినపడలేదు. నేను బస్తాలు చూసుకుంటున్నాను.”

“తోటమ్మా, చూడు. నీ వయసు చూసి ఊరుకుంటున్నాను. మామగారికి ఒక్క ఫోన్ కొట్టానంటే సాయంత్రానికి నీకు ఈ గేటు కనపడదు. ఆలోచించుకో.”

“కొట్టండి.”

“బెదిరిస్తున్నాననుకుంటున్నావేమో. నిజంగానే చేస్తాను.”

“చెయ్యండి. ఆ చింతచెట్టు కింద నిలబడండి, సిగ్నలు అక్కడే బాగా వస్తుంది.”

“చూడు, మోగుతోంది... ఇప్పటికైనా ఎగదోస్తావా? హలో! నమస్కారం మామయ్యగారూ. ఆఁ, తోటలోనే ఉన్నానండి. ఇక్కడ పెద్ద తలనొప్పిగా ఉంది. చెప్పిన పని చెయ్యననేస్తోంది, ఎదురు మాట్లాడుతోంది. మీరే తేల్చాలి... ఎవరేమిటండీ, తోటమ్మ! మన తోటమ్మే... ఇక్కడే ఉందండి, నా కళ్లెదురుగా మడిలో కూర్చుని ఉంది... ఏంటండీ?... ఎప్పుడు?... నేను చెప్పిన మర్నాడేనా? నాకు చెప్పలేదేంటండీ?... కొత్తమ్మాయి దొరికాక చెబుదామనా... అలాగేనండి. ఉంటానండి.”

“ఏమన్నారు?”



“నీళ్లు తెమ్మంటారా సార్? మొహం అలా అయిపోయింది.”

“డ్రైవరూ, నీకు తెలుసా?”

“వాచ్‌మన్‌కీ తెలుసు సార్. గేటు తీసేది వాడేగా.”

“తోటమ్మా... నిన్ను తీసేసి ఇరవై రోజులైందంటగా! మరి రోజూ ఎందుకొస్తున్నావు? ఈ ఇరవై రోజులకీ జీతం ఎవరిస్తున్నారు నీకు?”

“ఎవరూ ఇవ్వట్లేదు బాబూ. అందుకేగా, మీ మాట వినక్కర్లేకుండా పని చేసుకుంటున్నాను. కాలు తియ్యండి, వేరు తొక్కుతున్నారు.”