ఆకుకు అడ్డం పెట్టిన చెయ్యి

ఏందిరా సభాపతీ, అవ్వ వస్తే పుస్తకం మూసేస్తావు? తెరువు, తెరువు. తోలు వొలిచిన మనిషి బొమ్మను చూసి జడుసుకొనే కాలం నాకు ఎప్పుడో దాటిపోయింది. నాలుగు కాన్పులైనదాన్ని, ఊళ్ళో పది పీనుగులకు నీళ్ళు పోసినదాన్ని. మదరాసులో నువ్వు ఇంకా పదేండ్లు డాక్టరు చదువు చదివినా నేను చూసినంత నెత్తురు చూడవు. కొంచెం జరుగు. ఈ మోకాలు మడిస్తే మళ్ళీ చాపేదానికి ఒక ఆళు, ఒక మనిషి కావాల. ఆ, సరి. ఇదేనా పిక్క? పేనిన తాడు మాదిరి ఉందే. ఇది జబ్బ, ఇది వీపుది. ఏమంటావు, కండ లాగతాదే గాని తొయ్యలేదా? చెయ్యి మడిచేదానికి ఒక కండ, చాపేదానికి ఇంకొకటా? అది నిజమే అయుండాల. బావి మీద కవల, ఆ మోట తాడు లాగతాది, తోస్తాదా మరి. బావిలోంచి నీళ్ళు నిండిన తోలుసంచి, ఆ సాలును పైకి తెచ్చేదానికి ఎద్దులు పల్లానికి దిగాల, మళ్ళీ కిందికి విడిచేదానికి వెనక్కు ఎక్కాల. రెండు పనులకూ ఒకే తాడు, అవే ఎద్దులు. ఈ బొమ్మ వేసిన దొర మన అవినాశి ఊరి పక్క వచ్చి ఒక పొద్దు కవల చూసుంటే ఇంత కష్టపడి గీసుండడు.

ఈ జబ్బను చూస్తే మా అన్న గుర్తుకొస్తా ఉండాడు. అళగిరిసామి. నీకు తెలీదు, మీ అమ్మకే తెలీదు. నా తోడ పుట్టినోడు, నాకంటే ఎనిమిదేండ్లు పెద్ద. మా నాయన నా చిన్నప్పుడే పోయినాడు, అందుకని ఇంటికి ఆయనే నాయన, ఆయనే అన్న. ఎట్లా ఉండేవాడంటే, బండి బురదలో దిగబడితే ఎద్దును విప్పేసి కాడి కింద తానే భుజం పెట్టేవాడు. ఊళ్ళో ఆడోళ్ళు నీళ్ళకు పోయే సాకులో మా కవల దావన పోయేది, నేను చూడనా ఏమి. మా అమ్మ సీతమ్మాళ్ దినం పొద్దు గూకితే ఉప్పూ మిరపకాయా దిష్టి తీసి పొయ్యిలో వేసేది. మిరపకాయ ఘాటు రాలేదంటే, 'చూస్తివా పాపా, ఎంత దిష్టో' అనేది. ఘాటు వస్తే కూడా దిష్టే. మా అమ్మతో గెలిచినోళ్ళు లేరు.

నువ్వు ఇప్పుడు పుస్తకం చూసి చెప్తా ఉండావే, తిన్నది నెత్తురులో కలిసి కండకు పోతాదని, అది మా అన్న కవల మీద కూర్చొని చెప్పేవాడు. ఆయన చదివింది లేదు. తెల్లారకముందే సద్ద సంగటి ముద్దలో గుంట చేసి మజ్జిగ పోసుకొని తినేవాడు, దానికి ఉలవల చారు. నూరు సాళ్ళు తోడినాక కరుపట్టి, ఆ తాటిబెల్లం ముక్క ఒకటి నోట్లో వేసుకొని నీళ్ళు. పిక్కలు పట్టేస్తే ఉప్పేసిన గంజి. 'పాపా, బలం చేతిలో ఉండదు, పొయ్యి మీద ఉండాది' అనేవాడు. ఇంకోటి కూడా చెప్పేవాడు. పొద్దున తిన్న సంగటి నూరు సాళ్ళకు వస్తాదంట. అప్పురం కొవ్వు కరిగి ఇంకో యాభై సాళ్ళు. ఆ మీదట కూడా తోలినావంటే ఒళ్ళు తన కండను తానే తింటాదంట. ఎద్దులను చూసి నేర్చుకొన్నాడు. మేత లేని ఎద్దుకు ముందు ఏది ఎండతాది? పొట్ట ఎండతాది అనుకొంటావు. కాదు, తొడ ఎండతాది.

సరి, నిన్నొకటి అడగాలని చాలా దినాలుగా ఉండాది. నువ్వు చదువుకు పోయినప్పటినుంచి అడగాలనే. అడిగే ముందు జరిగింది చెప్పాల. లేకుంటే నువ్వు అవ్వ మనసు నొచ్చుకోకుండా ఏదో ఒకటి చెప్పేస్తావు. నాకు నిజం కావాల. మా అన్నను చంపింది ఆకలా, నేనా, అది తెలియాల. ఊరక చూడొద్దు అట్లా. విను.

తాదు వరుష పంజం, ఆ ధాతు ఏటి కరువు అని విన్నావు కదా. వినుంటావు, నా కన్నూ, అందరూ ఆ మాట చెప్పి పిల్లోళ్ళను అన్నం పారేయొద్దని బెదిరిస్తారు. నాకు అప్పుడు పదునాల్గేండ్లు. రెండేండ్లు వానే లేదు. మన బావి నలభై అడుగులు, అడుగున రాయి కనపడింది. మొదట ఆవులు పోయె, అప్పురం ఎద్దులు. మా నాలుగెద్దుల్లో మిగిలింది ఒకే ఒక బూడిదరంగు మయిల ఎద్దు, దాని ఎముకల మీద బట్టలు ఆరవేయొచ్చు. ఊరి బయట దొరలు కంజితొట్టి పెట్టినారు. పెద్ద అండాలో గంజి కాచి, వచ్చినోళ్ళకంతా పోసేది. మనోళ్ళు ఒక్కరూ పోలేదు. పోతే ఏమి అంటావు నువ్వు. ఇప్పుడు నేనూ అంటాను. అప్పుడు మా అమ్మ ఏమనిందో తెలుసునా? 'నాయుడింటి ముంత కంజితొట్టిలో మునిగితే, ఆ ముంతను నేను బావిలో వేసి నేనూ దూకతాను' అనింది. నీళ్ళు లేని బావి అది. దూకితే ఎముకలు విరుగుతాయే గాని మునిగేదానికి నీళ్ళేవి. అయినా మా అమ్మ అట్లా అనేసరికి మేమెవరమూ ముంత ఎత్తలేదు.

సుమ్మా, ఊరక పోసే గంజి వద్దు, పని చేసి తెచ్చిన కూలి అయితే అవమానం లేదు. అదీ లెక్క. అందుకని అన్న మేట్టుపాళయం పోయినాడు, కొండ కింద రోడ్డు వేసే పంజపు పనికి. రాయి కొట్టేది, కొట్టిన రాయి తట్టలో మోసేది. ఆళుకు దినానికి ఇంత బియ్యమని కొలిచి పోసేవారంట, రెండు చేతులు చేర్చి పడితే నిండేటంత, అంతే. కూర్చొని ఉండేవానికి ప్రాణం నిలిచేంత. రాయి కొట్టేవానికి ఎట్లా చాలతాది చెప్పు. కవల తోలినప్పుడు ఆయన తినే సంగటిలో అది పావు భాగం కూడా లేదు. దాంట్లో సగం మాకు పంపేవాడు. అక్కడే పని చేసే మా ఊరి కందసామి పదైదు దినాలకొకసారి వచ్చి మూట ఇచ్చి పోయేవాడు. 'అళగిరి బాగుండాడా' అని మా అమ్మ అడిగేది. 'బాగుండాడు పెద్దమ్మా, కొంచెం సన్నమైనాడు' అనేవాడు. ఆ కొంచెం అనేటప్పుడు కందసామి నేల చూసేవాడు. మేము మూట చూసేవాళ్ళం. ఆ బియ్యం కాచుకొని తాగి నేనూ మా అమ్మా బతికితిమి. బియ్యం అంటా ఉండాను. అది ఆయన జబ్బ, ఆయన తొడ. ఇదిగో నీ బొమ్మలో ఎర్రగా వేసుండారే, దాన్ని తింటిమి మేము ఎనిమిది నెలలు.

మరుసటి ఏడు, ఈశ్వర వరుషం, పురటాసి నెల పుట్టగానే వాన వచ్చింది. ఎట్లాంటి వాన అంటావు, నేనూ మా అమ్మా వాకిట్లో నిలబడి తడిసినాము. నాలుగో దినం అన్న వచ్చినాడు, విత్తనానికి నేల దున్నాలని. నేను ఎవరో పరదేశి అనుకొని లోపలికి పోబోతిని. 'పాపా' అన్నాడు. గొంతు మాత్రం ఆయనది. మోకాలు తొడకంటే లావుగా ఉండె. మా అమ్మ ఏడవలేదు, దిష్టి కూడా తీయలేదు, తీసేదానికి ఏముంది. ఆయన ఇంట్లోకి కూడా రాకుండా కొట్టం దావ పట్టినాడు, ఎద్దును చూసేదానికి. దాని గంగడోలు తడిమి నాతో చెప్పినాడు: 'పాపా, వాన పడింది, గడ్డి వస్తాది, కడుపు నిండా మేపొద్దు. మూడు దినాలు తవుడు నీళ్ళే. అప్పురం పిడికెడు, అప్పురం రెండు. ఎండిన ఎద్దుకు ఒక్కసారి మేత వేస్తే నిలబడినట్లే పడిపోతాది.' సరి అన్నా, అంటిని. అట్లానే చేస్తిమి. ఆ ఎద్దు ఇంకా తొమ్మిదేండ్లు బతికింది.

మరుసటి దినం పురటాసి శనివారం. నీకు తెలుసు కదా, మనం ఆ దినం పెరుమాళ్ళకు తళిగ వేసి నైవేద్యం పెట్టాల. సొంత బియ్యంతో వేయకూడదు, నామం పెట్టుకొని చెంబు పట్టుకొని గోవిందా అని ఐదిండ్లు అడిగి తెచ్చిన బియ్యంతో వండాల. కంజితొట్టికి పోతే బావిలో దూకతానన్న మా అమ్మ, చెంబు ఎత్తుకొని ఐదు కాదు, పదకొండిండ్లు తిరిగింది. ఆకలికి అడిగితే అవమానం, పెరుమాళ్ళకు అడిగితే పుణ్యం. ఇప్పుడు తలచుకొంటే నవ్వు వస్తాది, నవ్వే బలం లేదు గాని. వాన పడినాక జనం చెయ్యి వదులు చేసుకొన్నారు, దాచుకొన్నది తీసి పిడికెడు పిడికెడు వేసినారు. ఒకరు బెల్లం ఇచ్చినారు, ఒకరు గిద్దెడు నెయ్యి. బెల్లపు పొంగలి, పులిసోరు, పెరుగన్నం, ఉద్దిపప్పు వడ. రెండేండ్లుగా ఆ వాసన మా ఇంట్లో లేదు. కర్పూరం ఆరకముందే నా నోట్లో నీళ్ళు.

అన్నకు ఆకు వేసినాము. మా అమ్మ పొయ్యి కాడ ఉండె, వడ్డించేది నేను. ఎద్దుకు ఏం చెప్పినాడో ఆయనకు గుర్తు లేదా, నాకు గుర్తు లేదా అంటే, ఉంది. మనిషికీ ఎద్దుకూ ఒకే నియమమని తోచలేదు, అంతే. ఇంటికి తిరిగొచ్చిన కొడుకుకు తవుడు నీళ్ళు పెట్టే తల్లి ఏ ఊళ్ళో ఉండాదిరా? పొంగలి తిన్నాడు, మెల్లగా, కండ్లు మూసుకొని. పులిసోరు తిన్నాడు. అప్పుడే నుదుట చెమట. మళ్ళీ పొంగలి తెస్తే ఆకుకు చెయ్యి అడ్డం పెట్టి, 'చాలు పాపా' అన్నాడు. మన ఇండ్లలో చాలంటే ఎవరు విడుస్తారు. చాలనేది తినేవాని మర్యాద, ఇంకొక్కటి అనేది పెట్టేదాని మర్యాద. 'ఏందన్నా, చెల్లెలి చెయ్యి అంత చేదా' అని, వేళ్ళ సందుల్లోనే ఒక కరండి, గరిటె నిండా వేస్తిని. నవ్వినాడు. పెరుమాళ్ళ తళిగ, పైగా అది పంజం ముగిసీ ముగియని ఏడు, ఆకులో మెతుకు విడిస్తే పాపం. అంతా తిన్నాడు. వేళ్ళు కూడా నాకినాడు.

ఆ రాత్రి బాగానే ఉండె. ఆదివారం పాదాలు వాచినాయి. మా అమ్మ, 'చూస్తివా, ఒంట్లో నీరు పడతా ఉంది, కండ పట్టతా ఉంది' అని సంతోషపడింది. ఆ మాట నేను మరవలేను. సోమవారం చెంబు ఎత్తలేకపోయినాడు. కాడి కింద భుజం పెట్టిన మనిషి, నీళ్ళ చెంబు. రొమ్ములో ఏదో పిట్ట కొట్టుకొనే మాదిరి ఉందన్నాడు. మాంత్రికం చేసే కాళి వచ్చి వేపాకు వేసి, కొండ గాలి సోకిందన్నాడు. మంగళవారం పొద్దు బారెడు ఎక్కేసరికి అయిపోయింది. ఇరవై రెండేండ్లు. రాయి చంపలేదు, పంజం చంపలేదు, ఇంటికొచ్చి అన్నం తిని పోయినాడు. ఊరంతా విధి అనింది. నేనూ అంటిని. మనసులో మాత్రం ఆ కరండి ఉండె. అప్పటినుంచి నేను ఎవరికీ, వాళ్ళే నోరు తెరిచి అడగకుండా, రెండోసారి వడ్డించలేదు. మీ తాత బతికినన్నాళ్ళూ నన్ను పిసినారి అన్నాడు, నా కోడండ్లు ఇప్పుడు కూడా అంటారు. అననీ.

ఇప్పుడు చెప్పు. పుస్తకంలో ఉండాదా ఇది? ... ఆ. ... గుండె కూడా కండేనా? ఇదా? ఇంతేనా ఇది, పిడికెడు. ... తొడ ఎండేటప్పుడు ఇదీ ఎండతాదా. సన్నబడిపోయిన గుండె మీద ఒక్కసారిగా అంత బరువు పడినప్పుడు... ఆమా, ఔను. కొంచెం కొంచెంగా పెట్టాల్సి ఉండె. గంజి. ఆ కంజితొట్టి గంజే. ... లేదు, లేదు, నువ్వు ఆపొద్దు. ... ఒక్క కరండి వల్ల కాదంటావు. కన్నూ, అది నాకోసం చెప్తా ఉండావు, పుస్తకం చూడకుండానే చెప్పినావు. పరవాలేదు. యాభై ఏండ్లుగా నేను మోసేదాన్ని నువ్వు దించలేవు. తెలియాలనుకొంటిని, తెలిసింది.

మా అమ్మకు ఇది తెలీకుండా పోయింది, అదొకటే మేలు. ఆమె పోయేటప్పుడు నేను పక్కనే ఉంటిని. మాట సరిగా రాలేదు, నా చెయ్యి పట్టుకొని అడిగింది: 'పాపా, ఆ శనివారం నేను పొయ్యి కాడ ఉంటిని, చూడలేదు. వాడు కడుపు నిండా తిన్నాడా? చాలన్నాడా, ఇంకా కావాలన్నాడా?' ఏం చెప్పేది. 'ఇంకా కావాలని అడిగి మళ్ళీ మళ్ళీ వేయించుకొన్నాడమ్మా' అంటిని. ఆమె మొగం ఎట్లా అయిందో... నా కొడుకు ఆకలితో పోలేదు అని రెండుసార్లు అనింది. అవే ఆమె కడపటి మాటలు. ఆయన అడిగినాడని చెప్పితిని నేను. చెయ్యి అడ్డం పెట్టినాడని చెప్పలేదు.

... దూడ అరుస్తా ఉంది. కట్టు తెంచుకొనిందేమో, పోయి చూసిరా.